ఫ్యాను ఆగేదాకా

వేసవి సెలవులకొచ్చిన మా మేనల్లుడు లెగో బొమ్మని కాస్త కాస్త జరుపుతూ, ఫోటో ఫోటోగా సినిమా తీద్దామన్నాడు. డైనింగ్ టేబుల్ మీద ఆకుపచ్చ పలక పరిచి, ఫోన్ని స్టాండుకి బిగించాం. ఎండ మారితే సినిమా అంతా మినుకుమినుకుమంటుందని కిటికీలు మూసి టేబుల్ లైటు పెట్టుకున్నాం. గాలికి బొమ్మ కదిలిపోకుండా ఫ్యాను కూడా ఆపేశాం.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. బొమ్మలతో తీసేవాళ్లు చాలావరకు ఒక్కో ఫోటోని రెండు ఫ్రేములపాటు ఉంచుతారు, అంటే సెకనుకి 12 ఫోటోలు చాలు. మేమూ అలాగే తీశాం, ప్రతిసారీ కొలిచినట్టు ఒకే దూరం జరుపుతూ. తీరా చూస్తే మా లెగో మనిషి నడవలేదు, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు జారుకుంటూ పోయాడు. "ఫోటోలు రెట్టింపు తీద్దాం మావయ్యా" అన్నాడు పిల్లాడు. తీశాం. ఈసారి ఇంకా నున్నగా జారాడు.

చెమటలు పోస్తుంటే కాసేపు ఫ్యాను వేసుకుని, మళ్లీ పనికి కూర్చుంటూ కట్టేశాను. రెక్కలు పూర్తిగా ఆగేదాకా కాచుకోవాలి కదా, తలెత్తి చూస్తూ కూర్చున్నాను. ముందు ఒక చక్రంలా కనిపించింది. తర్వాత రెక్కలు విడివిడిగా తెలిశాయి. చివరి చుట్టు ఎంతకీ తెమలలేదు. మేం బొమ్మకి ఇవ్వనిది అదే. బరువున్నదేదీ ఉన్నట్టుండి కదలదు, ఉన్నట్టుండి ఆగదు.

ముందు చెయ్యెత్తడం ఒక్కటే తీశాం. ఎత్తబోయే ముందు చేతిని రవ్వంత కిందికి దించాం. తర్వాత వెంట్రుకవాసి పైకి, ఇంకాస్త, మధ్యలో రెండే రెండు పెద్ద జరుపులు, పైకి చేరబోతుండగా మళ్లీ వెంట్రుకవాసి. ఫోటోలు ముందుకంటే తక్కువే పట్టాయి. కానీ ఈసారి చెయ్యి వాడే ఎత్తాడు.

నడకే కష్టం. 1978లో వచ్చిన ఈ లెగో మనిషికి మోకాళ్లు లేవు, మోచేతులు లేవు. తుంటి దగ్గర కాళ్లు ముందుకీ వెనక్కీ తిరుగుతాయి, అంతే. పలక మీది బుడిపెలు 8 మిల్లీమీటర్లకొకటి. పాదం వాటిమీద కూర్చుంటే బొమ్మ గట్టిగా నిలబడుతుంది, అడుగు మధ్యలో ఉన్నప్పుడే పడిపోతుంది. నేలని ఆనిన మడమ కింద చిన్న జిగురుముద్ద పెట్టి నిలబెట్టాం. కాళ్లు చాచినప్పుడు ఒళ్లు కాస్త కుంగుతుంది, రెండూ కలిసినప్పుడు లేస్తుంది. మన నడకలోనూ ఉన్నదే. ఆ కుంగడం, లేవడం కెమెరాకి దక్కితే చాలు, మోకాళ్లు లేని లోటు కన్ను పట్టించుకోదు.

1933 నాటి 'కింగ్ కాంగ్' సినిమాలో విల్లిస్ ఓబ్రయన్ కోతి బొమ్మని కదిపింది ఇలా చేతులతోనే. దాని బొచ్చు అలలు అలలుగా కదులుతుంది, చూశారా? అది గాలి కాదు, ఫోటోకీ ఫోటోకీ మధ్య తగిలిన వేళ్ల ఆనవాలు. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

చివరి షాట్‌లో మావాడు తలుపు దాకా నడిచి ఆగాలి. ఆగాక 8 ఫోటోలు బొమ్మని ముట్టుకోకుండా తీశాం. పిల్లాడికి చేతులు ఊరుకోలేదు, నేనే పట్టుకున్నాను. తర్వాత తల ఒక్కటే నెమ్మదిగా వెనక్కి తిప్పాం.

రాత్రి అమ్మకి చూపించాం. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది.

"ఏం మర్చిపోయాడ్రా వాడు?" అంది.