ఆశ్వయుజంలో మేము చూసినవి, విన్నవి, ఆడినవి



ఈ ఆశ్వయుజ మాసంలో మా హాస్టల్ రూమ్ నలుగురం చూసినవి, విన్నవి, ఆడినవి చాలా ఉన్నయి. వాటిల్లో మాకు బాగా నచ్చినవి రాస్తున్నం. ముగ్గురం గోండులం, ఒకరు కొలాం. నలుగురం కూర్చుని మాట్లాడుకున్న ముచ్చట కాబట్టి "మేము" అనే రాస్తున్నం.

మన ఆదిలాబాద్ దిక్కు ఈ నెల ఎట్లుంటదో మీకు తెల్సు. దసరా సెలవులతో మొదలైతది. పున్నమికి జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతి. ఆ పున్నమి దాటినంక దీపావళి దాకా గూడేలన్నీ దండారి. పుష్యంలో నాగోబా జాతరను పక్కన పెడితే, సంవత్సరం మొత్తంలో ఇంత ఆట, ఇంత పాట ఉన్న నెల ఇంకోటి లేదు.

ముందు సినిమాల సంగతి. పున్నమికి ముందు రెండు రాత్రులు ఒకే ఫోన్‌లో రెండు సినిమాలు చూసినం. ఒకటి 2022లో వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్', ఇదివరకు చూసిందే. రెండోది అల్లాణి శ్రీధర్ గారు తీసిన 'కొమరం భీం'. అది 1990లో తీసిన సినిమా. జనం ముందుకు రావడానికి మాత్రం 2010 దాకా పట్టింది. "నాటు నాటు" వచ్చినప్పుడు మంచాలు పక్కకు జరిపి మేము కూడా ఎగిరినం. ఆస్కార్ తెచ్చిన పాట, కాళ్ళు ఊరుకుంటయా? రెండో సినిమాలో అంత హంగు లేదు. కానీ అది చూస్తున్నంతసేపు రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు.

'ఆర్‌ఆర్‌ఆర్' కల్పిత కథ అని తీసినోళ్ళే చెప్పిన్రు. ఒప్పుకుంటం. అయినా చివరి సీను మాకు గుచ్చుకున్నది. నీకేం కావాలో అడుగు అంటడు రామరాజు. చదువు కావాలంటడు భీం. అప్పుడు "జల్ జంగల్ జమీన్" అని రామరాజు చేత్తో రాస్తడు. ఆ మాట ఎవరిదో మన గూడేల్లో చిన్న పిల్లగాణ్ణి అడిగినా చెప్తడు. జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ భూమి కోసం నిజాం సర్కారు మీద కొట్లాడి, 1940లో అక్కడే ప్రాణమిచ్చిన మనిషిది. మా నాలుగు ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. చదువు విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అక్షరం రానోళ్ళకు సొంత మాట కూడా ఉండదు అనుకుంటే ఎట్ల? మా అవ్వ తాతలు ఇప్పటికీ వేలిముద్ర వేస్తరు. వాళ్ళ నోట్లో ఉన్నన్ని కథలు మా పుస్తకాల్లో లేవు.

దసరా సెలవుల్లో విన్న కథ అట్లాంటిదే. మాలో ఒకరి గూడేనికి ప్రధాన్ తాత వచ్చిండు. కోయ, కొండరెడ్డి, సవర తమ్ముళ్ళకు ప్రధానుల గురించి తెలియకపోవచ్చు, అందుకే రెండు ముక్కలు చెప్తం. గోండుల వంశ కథలు, దేవతల కథలు తరతరాలుగా పాడి వినిపించేటోళ్ళు ప్రధానులు. చేతిలో కిక్రి ఉంటది. దానికి మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. మాలో నాలుగు దేవతలోళ్ళు, ఐదు, ఆరు, ఏడు దేవతలోళ్ళు అని సగలుంటయి. ఏ సగ కథ ఆ సగదే. కోయల్లో డోలి పట్టి సమ్మక్క సారలమ్మ కథ చెప్పేటోళ్ళు ఉన్నరు కదా, అట్ల. 2022లో పద్మశ్రీ వచ్చిన సకిని రామచంద్రయ్య గారు డోలి పట్టినోరే.

తాత అన్నం తిన్నంక మొదలుపెట్టిండు. మేము ఫోన్‌లో రికార్డు పెట్టినం. గంట దాటేసరికి ఫోన్ నిండిపోయింది. పాత రీల్సు, సినిమాలు తీసేసి మళ్ళీ పెట్టినం. మాలో ఒకడు ఉండబట్టలేక, "తాతా, ముఖ్యమైనంత వరకు చెప్పరాదూ?" అన్నడు. తాత నవ్విండు. "రికార్డు పెట్టుకో బిడ్డా, కానీ నడుమల కోయకు. కోసినవనుకో, ఎవరి తాత ఎవరికి పుట్టిండో అంతా కలిసిపోతది" అన్నడు. అందరం నవ్వినం. కథ అయ్యేసరికి కోడి కూసింది. ఈ నెలలో మాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రాత్రే.

"నడుమల కోయకు" అన్న మాట అక్కడితో పోలేదు. సెలవులు అయినంక మా కాలేజీలో సాంస్కృతిక కార్యక్రమం పెట్టిన్రు. "మీరు గుస్సాడి చేయండి, ఐదు నిమిషాలు. నెమలి పింఛాల టోపీలు మాత్రం ఉండాలె, ఫోటోలు బాగొస్తయి" అన్నరు. ఆ రాత్రి మా నలుగురి మధ్య పెద్ద వాదన. ఒకరేమో, "మార్లవాయి కనకరాజు గారు గుస్సాడిని ఢిల్లీ దాకా తీసుకపోయిన్రు, 2021లో పద్మశ్రీ అందుకున్నరు. ఆయన స్టేజీ ఎక్కకపోతే మన ఆట బయటోళ్ళకు తెలిసేదా?" అన్నరు. ఇంకొకరు, "ఆయన ముందు గూడెంలో గుస్సాడి, ఆ తర్వాతే స్టేజీ. మనం దీక్ష లేకుండా టోపీ పెడితే అది వేషం" అన్నరు. రెండు మాటల్లోనూ నిజం ఉన్నది. కనకరాజు గారు 2024 అక్టోబర్‌లో పోయిన్రు. ఆయన ఉంటే పోయి అడిగేటోళ్ళం.

ఇంటికి ఫోన్ చేసి పెద్దోళ్ళను అడిగినం. టోపీ ఎత్తుకున్నోడు దీక్షలో ఉంటడు, దండారి అయ్యేదాకా స్నానం చేయడు, ఆ టోపీకి పూజ చేస్తం, దేవుని వస్తువును కిరాయికి ఎట్ల ఇస్తం అన్నరు. మర్నాడు మా లెక్చరర్ సార్‌కు అదే చెప్పినం. టోపీలు తేలేం సార్, థింసా ఆడతం, కానీ ఐదు నిమిషాలు సరిపోదు అన్నం. సార్ విని పదిహేను నిమిషాలు ఇచ్చిన్రు. డప్పు, గుమేల గూడెం నుంచే తెచ్చినం. వెనక బ్యానర్ మీద పేరు గుంజాల గోండి లిపిలో రాసినం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన ఆ లిపి 2018 నుంచి యూనికోడ్‌లో ఉన్నది, ఫోన్‌లోనూ రాసుకోవచ్చు. ఆట మొదలైనంక ఐదు నిమిషాల దాకా కిందున్నోళ్ళు ఫోన్లు పట్టుకుని చూసిన్రు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేతులు కలిపిన్రు. ఐదు నిమిషాలకే ఆపితే ఆ వలయం కట్టేదే కాదు.

నెలాఖరున దండారికి పోయినం. ఒక గూడెం వాళ్ళు ఇంకో గూడేనికి చుట్టాల లెక్క పోతరు. వాళ్ళు కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, రాత్రంతా కలిసి ఆడతరు. మాలో ఒకరి తమ్ముడు ఈసారి మొదటిసారి గుస్సాడి అయిండు. రోజంతా ఫోన్ వదలని పిల్లగాడు అన్ని రోజులు ఫోన్ ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు. ఒంటికి బూడిద, భుజాన తోలు, చేతిలో కర్ర, ఇంక ఫోన్ ఎక్కడ పెట్టుకుంటడు? వాడు కర్రతో తాకితే నొప్పి పోతదని వాళ్ళ అవ్వ మోకాలు చాపి కూర్చున్నది. నిన్నటిదాకా వాణ్ణి తిట్టిన అవ్వనే!

మాకు అర్థమైంది ఇదే. మన ఆటకు, కథకు దాని పొడుగు దానికి ఉన్నది, దాని కాలం దానికి ఉన్నది. రీల్ చేయొద్దని మేము అనం. మేము కూడా చూస్తం. కానీ రీల్ చూసి మనవాడు ఎవరైనా "మొత్తం ఏది?" అని అడిగితే చూపించడానికి మొత్తం కథ మన దగ్గర ఉండాలె. కిక్రి పట్టే తాతలు గూడేనికొకరు కూడా లేరు.

అందుకే ఒక మాట అడుగుతున్నం. ఈ చలికాలం ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క కథ, లేకుంటే ఒక్క పాట మొత్తం రికార్డు చేయండి. ముందు పెద్దమనిషి ఒప్పుకోవాలె. పాడినోళ్ళ పేరు, ఊరు, తేదీ మొదట్లనే వాళ్ళ నోటితోనే చెప్పించండి. ఏది బయట పెట్టాలె, ఏది ఇంట్లోనే ఉంచాలె వాళ్ళనే అడగండి. గోండి, కొలామి, కోయ, సవర ఏ భాషైనా సరే, తెలుగులోకి మార్చకుండా ముందు ఉన్నదున్నట్టు ఉంచండి. ఫోన్‌లో జాగా ముందే ఖాళీ చేసుకుని పోండి.

పుష్య అమాసకు కేస్లాపూర్‌లో కలుద్దాం. మర్రిచెట్ల కింద ఎవరు ఏం తెచ్చిన్రో విందాం.

జై ఆదివాసీ. జై కొమురం భీం.