ఇసుక చెప్పిన సాక్ష్యం



మాది సముద్రానికి దూరమైన ప్రాంతం. జనగామ వైపు చెరువు నిండితేనే పంట. మహబూబాబాద్ వైపు వాగు పారితేనే బావిలో నీళ్లు. భూపాలపల్లి వైపు అడవి, బొగ్గు గనులు. సముద్రాన్ని గూర్చి బైబిలులో చదివినవారమే గాని, కన్నులారా చూసినవారు మాలో బహు కొద్దిమంది. అందుచేత 2025 ఫిబ్రవరిలో ఈ మూడు చోట్ల నుండి పది కుటుంబాలవారం కలిసి, బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో మూడు రోజుల కుటుంబ కూటం పెట్టుకున్నాము. మహబూబాబాద్‌లో రైలెక్కి, విజయవాడ మీదుగా బాపట్లలో దిగి, అక్కడి నుండి సుమారు 9 కిలోమీటర్లు ఆటోలలో వెళ్లాము.

మాతో ఆకేరు ఒడ్డు పల్లె నుండి డెబ్బై ఏళ్లు దాటిన తాత ఒకాయన వచ్చాడు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలను ముంచెత్తిన వరద ఆయన ఇంట్లో నడుము లోతున నిలిచింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు వేలాడింది ఆనాడే. ఆయనకు తిండిగింజలు పోయాయి, రెండు మేకలు పోయాయి, భార్య చదువుకొనిన పాత బైబిలు పోయింది. అప్పటినుండి నీళ్ల చప్పుడు వింటే ఆయనకు నిద్ర పట్టదు. కోడలు బతిమాలితే వచ్చాడు గాని, తీరం చేరగానే సరుగుడు చెట్ల కింద కూర్చుండిపోయాడు.

మొదటి రోజు తెల్లవారక ముందే మేము ఒడ్డుకు వెళ్లాము. నీళ్లు వెనక్కి తగ్గి, తడి ఇసుక అద్దంలా ఉంది. దాని మీద ఆవగింజలంత, శనగగింజలంత ఇసుక ఉండలు ముగ్గు పెట్టినట్టు పరచుకొని ఉన్నాయి. ఎవరు పెట్టారా అని పిల్లలు వంగి చూశారు. వేలి గోరంత పీతలు! ఇసుకను నోటితో జల్లించి, అందులోని ఆహారం తీసుకొని, మిగిలినది ఉండ చేసి పక్కన పెడతాయి. అల వచ్చి అంతా తుడిచివేస్తుంది. నీరు తగ్గగానే మళ్లీ మొదలుపెడతాయి. ఇంతలో సముద్రంలోనుండి సూర్యుడు లేచాడు. పాట ఎత్తుకొందామనుకున్న మాకు కొంతసేపు నోట మాట రాలేదు.

ఆ ఉదయం ధ్యానానికి యిర్మీయా 5వ అధ్యాయం తీసుకొన్నాము. దేవుడు సముద్రానికి ఇసుకను హద్దుగా పెట్టాడని, అలలు ఎంత పొంగినా దాన్ని దాటలేవని ప్రవక్త చెప్పిన సంగతిని వివరించాము. ముగింపు ప్రార్థన అయ్యాక తాత మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, సముద్రానికి హద్దు పెట్టిన దేవుడు మా వాగుకెందుకు పెట్టలేదు?"

మా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. "ప్రార్థన చేద్దాం తాతా" అన్నాము. ఆయన తల ఊపాడు గాని, ఆ జవాబు ఆయనకు చాలలేదని మాకు తెలుసు.

రెండవ ఉదయం ఇసుకలో ట్రాక్టరు టైరు జాడ వంటిది ఒకటి కనిపించింది. సముద్రంలోనుండి వచ్చి, దిబ్బ దాకా పోయి, మరల సముద్రంలోకే పోయింది. అది ఆలివ్ రిడ్లీ తాబేలు జాడ అని అక్కడివారు చెప్పారు. ఏటా చలికాలం చివర తల్లి తాబేలు రాత్రివేళ ఒడ్డుకు ఎక్కి, వెనుక కాళ్లతో గుంట తీసి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మరల తిరిగి చూడదు. సుమారు 50 రోజులు ఆ గుడ్లను పొదిగేది ఇసుక వేడిమే. ఇసుక ఎక్కువ వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయట. బయటికి వచ్చిన పిల్లలు వెలుతురు కనిపించే వైపు పాకుతాయి. చీకటి ఒడ్డున ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. మనుషులు తీరంలో పెద్ద దీపాలు పెడితే అవి దారి తప్పి, ఊరి వైపు పాకి చనిపోతాయి. తల్లి లేని పిల్లలకు ఇసుకను ఊయలగా ఇచ్చిన దేవుని తలంచి స్త్రీలు కన్నీళ్లు పెట్టుకొన్నారు.

అప్పుడు మాతో ఉన్న సింగరేణి కార్మికుడొకాయన ఇలా అన్నాడు: "అయ్యగారూ, గనిల గూడ ఇసుకనే అయ్యగారూ. బొగ్గు తీసిన జాగల ఇసుక నింపితేనే పైకప్పు కూలకుంట నిలబడ్తది." జనగామ నుండి వచ్చిన ఉపాధ్యాయుడు దానికి ఇంకొక మాట చేర్చాడు. వాగులో ఇసుక నీళ్ల కుండ వంటిదట. వానాకాలం నీటిని పట్టి ఉంచి, ఎండాకాలం ఒడ్డు బావులకు ఊటగా ఇస్తుంది. ఆ కుండ తీసేస్తే బోర్లు ఎండుతాయి, ఒడ్డులు తెగుతాయి.

మూడవ ఉదయం జాలరులు అలివి వల లాగుతున్నారు. పడవ మీద పోయి వలను సముద్రంలో చుట్టి, రెండు కొసల తాళ్లను ఒడ్డు నుండి పది పదిహేనుమంది లాగుతారు. వారిలో తల నెరిసిన ఒకాయన చెట్ల కింద ఉన్న మా తాతను చూసి, "ఏం పెద్దాయనా, చూస్తా కూకున్నావే? రా, ఓ చెయ్యెయ్యి!" అని కేక వేశాడు. తాత లేచాడు. మేమెవ్వరమూ మాట్లాడలేదు. ఆయన పంచె ఎగగట్టి, ఇసుక మీదుగా నడిచి వచ్చి తాడు పట్టుకొన్నాడు. అల వచ్చి మోకాళ్లను తాకింది. కళ్లు మూసుకొన్నాడు గాని తాడు వదలలేదు.

వలలో మెత్తళ్లు పడ్డాయి. జాలరి దోసెడు ఆయన కండువాలో పోసి, "ఏ ఊరు మీది?" అని అడిగాడు. ఆకేరు మున్నేరులో కలుస్తుందని, మున్నేరు విజయవాడకు ఎగువన కృష్ణలో కలుస్తుందని మా ఉపాధ్యాయుడు చెప్పాడు. "అయితే మీ వాగు ఇసకే ఇది. కృష్ణమ్మ తెచ్చి పోసింది" అన్నాడు జాలరి. నిజమే. ఈ ప్రాంతమంతా నదులు వేల ఏండ్లుగా తెచ్చి పోసిన మన్ను, ఇసుక. ఆనకట్టలు కట్టినప్పటి నుండి కొత్త ఇసుక రాక తగ్గి, కృష్ణ డెల్టా తీరంలో కొన్నిచోట్ల సముద్రం నేలను కోసుకొంటూ వస్తోంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకొన్న తీరమిది. ఇసుక దిబ్బ విలువ వీరికి ఎవరూ చెప్పనక్కరలేదు.

తాత పిడికెడు తడి ఇసుక తీసి చాలాసేపు చూశాడు. తరువాత మా వైపు తిరిగి, "అయ్యగారూ, మన చర్చికి పోసిన ఇసుక యాడిది?" అన్నాడు.

ప్రియులారా, దాచకుండా చెబుతున్నాము. మా మందిరం కట్టినప్పుడు ఇసుక రాత్రిపూట ట్రాక్టర్లలో వచ్చింది. అనుమతి ఉందా అని మేము అడగలేదు. ధర తక్కువని కమిటీవారము సంతోషించి, ఆ ఆదివారమే కృతజ్ఞతా ప్రార్థన కూడ చేశాము. 2024 నాటి వరదకు ఇసుక తవ్వకమే కారణమని మేము చెప్పడం లేదు. కుండపోత వాన కురిసింది, అది మన చేతిలో లేదు. తాత మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు ఇప్పటికీ మాకు తెలియదు. అయితే దేవుడు పెట్టిన హద్దులో కొంత మన చేతులతోనే ఎత్తుకొచ్చి దేవుని ఇంటికే పూశామని మాత్రం ఆ ఉదయం తెలుసుకొన్నాము. "మేము తప్పు చేశాము తాతా" అన్నాము. ఆయన ఏమీ అనలేదు. కండువాలోని చేపలు చూపించి, "పొయ్యి అంటించుండ్రి, పిల్లలు ఆకలిగొన్నరు" అన్నాడు.

ఒడ్డున నిప్పులు, వాటిమీద చేపలు. యోహాను 21వ అధ్యాయం మాకందరికీ గుర్తు వచ్చింది. తిబెరియ సముద్రతీరాన పునరుత్థానుడైన ప్రభువు తెల్లవారగానే శిష్యులకు ముందు భోజనం పెట్టాడు. ఆ తరువాతనే, తప్పిపోయిన పేతురుతో మాట్లాడి తన గొఱ్ఱెలను అప్పగించాడు.

తిరిగి వచ్చిన తరువాత ఆదివారం ఈ సంగతి సంఘం ముందు ఒప్పుకొన్నాము. మందిరం ప్రహరీగోడ పని మిగిలి ఉంది. దానికి వాగు ఇసుక వద్దని, రాయి పిండి చేసిన రోబో ఇసుకతో కట్టాలని కమిటీ తీర్మానించింది. రాత్రి ట్రాక్టర్ల పని చేసే యువకులు మా సంఘంలోనూ ఉన్నారు. వారికి కోపం వచ్చింది, ఇద్దరు ఆరాధనకు రావడం మానుకొన్నారు. వారికి వేరే పని చూపకుండా బోధ మాత్రమే చేస్తే అది సగం పనే. వారి ఇళ్లకు వెళ్తున్నాము. వారి నిమిత్తం మీరు కూడ ప్రార్థించండి.

తాత ఇప్పుడు తెల్లవారుజామున ఆకేరు ఒడ్డుకు నడిచి వెళ్లి కూర్చుంటున్నాడని కోడలు చెప్పింది. మీకు సముద్రం దూరమైతే చింతించకండి. ఒక ఉదయం పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి వాగుకు వెళ్లండి. ఇసుక మిగిలి ఉంటే దాని మీద నిలబడి దేవుని స్తుతించండి. మిగిలి లేకపోతే, అది ఎవరి ఇంటి గోడలో ఉన్నదో ఆలోచించండి. ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.