కప్ప వేషం... కొరమీను కోపం!

తెల్లవారుజాము నాలుగున్నర. తెనాలి కాల్వగట్టు మీద టీకొట్టు అప్పుడే తెరిచారు. రెండు మోటారుసైకిళ్లు వచ్చి ఆగాయి. దిగింది నలుగురు. ఒకరు లెక్కల మాస్టారు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఇంకొకరిది సెల్‌ఫోన్ల దుకాణం. నాలుగో కుర్రాడు బాపట్ల నుంచి రాత్రే రైలెక్కి వచ్చాడు. భుజాన ఉన్న పొడవాటి సంచులు చూసి ''సర్వేకొచ్చారా?'' అనడిగాడు టీకొట్టాయన. ''చేపలకండీ'' అన్నారు. ''మరి వానపాములేవీ?''

అదే కదా తమాషా! వీళ్ల దగ్గర వానపాముల్లేవు, పిండిముద్దల్లేవు, బెండు కూడా లేదు. ఉన్నదల్లా ఒక ప్లాస్టిక్ డబ్బా. మూత తీస్తే రబ్బరు కప్పలు, మెరిసే రేకు చెంచాలు, రంగులేసిన బుల్లి చేపబొమ్మలు. వీటినే లూర్లంటారు. చేపకు ఆకలి పుట్టించడమో, ఒళ్లు మండేలా చేయడమో వీటి పని. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే ఆయన పడవలో తింటూ చెంచా నీళ్లలో జారవిడిస్తే ఓ చేప దాన్ని నోట కరుచుకుందట. నిజమెంతో కానీ, చెంచా ఎరకు ఆయన 1852లో పేటెంటు మాత్రం తీసుకున్నాడు. మనవాళ్ల డబ్బాలో ఎక్కువున్నవి మాత్రం కప్పలే. ఎందుకంటే వీళ్లు వెతుకుతున్నది కొరమీనుని.

బళ్లు వేమూరు మీదుగా కొల్లూరు దారి పట్టాయి. తెనాలి దాటింది మొదలు ఏదో ఒక కాల్వ పక్కనే వస్తుంటుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక ఈ నేల రూపు మారింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నడిచిన దారి గుంటూరు జిల్లాలో మొదలై, 2022 ఏప్రిల్లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి తేలుతుంది. ఇంతకీ కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఇది కాదు. అది ఎగువన, పులిచింతల నీళ్లలో మునిగిపోయింది. ఈ కొల్లూరు సంపదంతా కృష్ణ లంకల్లోని అరటి, పసుపు, కంద, తమలపాకు తోటలు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఆ తోటలన్నీ నీళ్లలోనే ఉన్నాయి. వరద తీశాక కూడా ఏటి పాయల్లో, గుంటల్లో నీళ్లు నిలిచిపోతాయి. తూడు, గుర్రపుడెక్క అల్లుకుంటాయి. కొరమీనుకు అంతకంటే ఏం కావాలి!

చీకటి విచ్చుకునేసరికి నలుగురూ పాయ గట్టున ఎడంగా నిలబడ్డారు. మాస్టారు కర్రను వెనక్కి ఊపి విసిరారు. రీలు సన్నగా ఈల వేసింది. రబ్బరు కప్ప గుర్రపుడెక్క మీద పడి, ఆకు మీది నుంచి ఆకు మీదికి గెంతుతూ వచ్చింది. దాని గాలాలు రెండూ పైకి తిరిగి, ఒంటికి అతుక్కుని ఉంటాయి. అందుకే తూడుకు పట్టుకోవు. చేప నోరు మూస్తే రబ్బరు అణిగి మొనలు బయటపడతాయి. కప్ప మాయమవగానే లాగేస్తే పని చెడుతుంది. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టి అప్పుడు లాగాలి. చెప్పడం తేలికే. ఏడింటిదాకా బ్యాంకాయన గాలానికి పడినవి రెండు తామరతూళ్లు, ఒక చెప్పు!

ఇడ్లీల పొట్లం విప్పాక కబుర్లు పెనుమూడి మీదికి మళ్లాయి. అక్కడ, రేపల్లె అవతల, ఏరు సముద్రానికి దగ్గరపడుతుంది, పోటుపాట్లుంటాయి. ఉప్పునీటిలో పుట్టి మంచినీటిలోకి ఎక్కే పండుగప్ప దొరికే చోటు. ఆ చేప మొదట మగదిగా ఉండి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. ఆస్ట్రేలియాలో దానికోసం దేశదేశాల నుంచి వస్తారు. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో అది గుడ్లు పెట్టే నెలల్లో వేట బంద్. మధ్యాహ్నం పెనుమూడి వంతెన దగ్గరికి వెళ్లాలనే అనుకున్నారు.

అంతలో బాపట్ల కుర్రాడు ''మాస్టారూ, అటు చూడండి'' అన్నాడు. తూడు మధ్య ఖాళీలో నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఒక ఎర్రటి మచ్చ. చిటపట బుడగలు. మచ్చ మునిగింది, మళ్లీ తేలింది. ''ఆగరా...'' అని మాస్టారు అనేలోపే కప్ప ఎగిరి దాని పక్కన పడింది. నీళ్లు భళ్లున పగిలాయి. కర్ర విల్లులా వంగింది. రెండు నిమిషాల్లో కిలోన్నర పైనే ఉన్న కొరమీను గట్టు మీదుంది.

కుర్రాడి మొహం వెలిగిపోతోంది. మాస్టారు మాత్రం మాట్లాడలేదు. ఆ ఎర్రటి మచ్చ కొరమీను పిల్లలు. ఈ జాతి చేపలు నేరుగా గాలి పీల్చాలి కాబట్టి పిల్లలన్నీ గుంపుగా పైకి వచ్చిపోతుంటాయి. కొన్ని వారాలపాటు పెద్దచేప, ముఖ్యంగా తండ్రి, కిందే కాపలా ఉంటుంది. దగ్గరికొచ్చిన దేనిమీదికైనా దూకుతుంది. అంటే ఇప్పుడు కప్పను పట్టింది ఆకలితో కాదు. కాపలా పోతే పిల్లల్ని జెల్లలూ మట్టగిడసలూ బతకనివ్వవు. ''వేసేద్దాంరా నీళ్లలో'' అన్నారు. ''ఇంత కష్టపడి పట్టింది...'' అని కుర్రాడు నీళ్లు నమిలాడు. గాలం మొన వెనక ఉండే ముల్లును వీళ్లు ముందే ప్లేయర్‌తో నొక్కేస్తారు. కాబట్టి ఇట్టే ఊడొచ్చింది.

పక్క గుంటలో వల సర్దుకుంటున్న పెద్దాయన పరుగున వచ్చాడు. ''వదిలేస్తన్నారేంది బాబూ! నాకియ్యండి. మూడ్రోజులకి నాకొకటి పడదు.'' మాస్టారు పిల్లల గుంపు చూపించారు. పెద్దాయన చూశాడు. ''నాకు తెలవదా? పిల్లల మీదున్నదాన్ని తెస్తే మా నాయన కొట్టేవోడు. అప్పుడు చేపలున్నయ్, వదిలేవోళ్లం. ఇప్పుడు నేనొదిలితే రాత్రికి కరెంటు తీగ పెట్టేవోడు వదుల్తాడా?'' అన్నాడు. నీళ్లలో విషం కలిపి, పేలుడు పెట్టి చేపల్ని చంపడం నేరమని 1897 నాటి మత్స్యచట్టం లోనే ఉంది. తెల్లవారుజామున ఈ గట్ల మీద చట్టాన్ని చూసినవారెవరు?

సరదాకి వచ్చినవాళ్లు వదిలేయగలరు, పొట్టకూటికి వచ్చినవాడు వదలలేడు. ఇద్దరి మాటా అబద్ధం కాదు. చేప మాత్రం గట్టు మీద నోరు తెరుస్తోంది. చివరికి కుర్రాడే రెండు చేతులా ఎత్తి నీళ్లలో పెట్టాడు. అది క్షణం నిలబడి, తోక ఒక్కటి విదిల్చి తూడు కిందికి పోయింది. అయిదు నిమిషాలు అందరూ అక్కడే నిల్చున్నారు, పెద్దాయనతో సహా. ఎర్రటి మచ్చ మళ్లీ తేలింది. దాని కింద నల్లగా ఏదో కదిలింది.

''ఉంది లెండి'' అన్నాడు పెద్దాయన, ముందుగా.

ఆయన బుట్టలో రెండు కిలోల జెల్లలున్నాయి. బేరమాడకుండా నలుగురూ కలిసి మొత్తం కొనేశారు. ఐసు లేకుండా చేపలు పెనుమూడి దాకా ఆగవు కాబట్టి బళ్లు రేపల్లె వైపు కాకుండా తెనాలి వైపే తిరిగాయి. పండుగప్ప వచ్చే ఆదివారానికి వాయిదా!

మాస్టారింట్లో ఆవిడ సంచి విప్పి చూశారు. ''ఏవండీ, బెత్తెడు లేని జెల్లలు కూడా ఆ రబ్బరు కప్పల్ని మింగుతున్నాయా?''