ఖాకీ అట్టలు

8 డిసెంబరు 2024, ఆదివారం. హనుమకొండ

అటక మీది సందుగ దించిన. నడుము పట్టింది. బాపు మైకుసెట్టు కిరాయికిచ్చిన రోజుల రికార్డులు. ఆయన ఏనాడూ రికార్డు అనలేదు, ‘ప్లేట్లు’ అనేటోడు. పన్నెండు అంగుళాల పెద్ద ప్లేట్లు ఇరవై ఒకటి. ఏడు అంగుళాల చిన్నవి లెక్కపెట్టే ఓపిక లేదు. చిన్నవాటికి కంపెనీ అట్టలు దాదాపు లేవు. పెళ్లి పందిట్ల చెమట చేతులు, వాన, పిల్లలు. చినిగినప్పుడల్లా బాపు ఖాకీ కాగితం మడిచి, అంచులకు మైదాపిండి పూసి కొత్త సంచి చేసేటోడు.

10, మంగళవారం

లేబుళ్ల మీద కుక్క బొమ్మ. దేవుళ్ల క్యాలెండర్లు పక్కన పెడితే మా ఇంట్లోకి వచ్చిన మొదటి పెయింటింగు అదే. గీసినాయన ఫ్రాన్సిస్ బరౌడ్. మొదట ఆ కుక్క ముందు ఎడిసన్ యంత్రం ఉండేది. 1899లో గ్రామఫోన్ కంపెనీ మా యంత్రం పెట్టి గీస్తే కొంటామన్నది. ఆయన దిద్ది ఇచ్చిండు. బొమ్మకు 50 పౌండ్లు, హక్కులకు ఇంకో 50. బేరం అక్కడితో సరి.

అమెరికాలో కూడా మొదట మా ఖాకీ సంచుల కథే. మామూలు అట్ట, మీద పేరు. 1940లో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు అట్ట మీద బొమ్మ వేయిస్తే కొనేవాళ్లు పెరుగుతరని పట్టుబట్టిండు. పెరిగిన్రు.

12, గురువారం

పెద్ద ప్లేట్ల అట్టలన్నీ భూతద్దం పెట్టి చూసిన. సంగీతం, గానం, రచన అన్నీ ఉన్నయి. బొమ్మ ఎవరిదో లేదు. చాలావాటి మీద ఉన్నది సినిమా పోస్టరే. నిలువు పోస్టరును చదరపు అట్టలోకి దించితే ఏదో ఒకటి తెగాలె. హీరో తల తెగదు కద! కింది మూల తెగుతది. సంతకం ఉండేది అక్కడనే.

వరంగల్ చౌరస్తా గోడల మీద నేను కూడబలుక్కుని చదివిన మొదటి పేర్లలో ‘ఈశ్వర్’ ఒకటి. పాలకొల్లు నుంచి మద్రాసు పోయి, పోస్టర్లు వేసే కేతా దగ్గర పని నేర్చి, 1967లో ‘సాక్షి’ సినిమాతో మొదలుపెట్టిన మనిషి. ‘సినిమా పోస్టర్’ అని పుస్తకమూ రాసిండు. 2021లో పోయిండు.

అదే 1967లో లండన్‌లో గిటారు వాయించే జిమి హెండ్రిక్స్ రికార్డు అట్టకు మన విశ్వరూపం పటం తీసుకుని, దేవుడి ముఖం ఉండేచోట ఆయన ముఖం పెట్టిన్రు. ఆయనకు నచ్చలేదట. తనలో ఉన్నది అమెరికా ఇండియన్ల రక్తం, వీళ్లు ఇంకో ఇండియాకు పోయిన్రు.

15, ఆదివారం

బాపు పుట్టినరోజు. మా బాపుది కాదు, నరసాపురం సత్తిరాజు లక్ష్మీనారాయణది. మా దిక్కు బాపు అంటే నాన్న. వారపత్రికల బొమ్మల కింద ‘బాపు’ అని చూసి, ఎవరి నాన్నో ఇన్ని బొమ్మలు వేస్తున్నడని అనుకునేటోణ్ణి. అమ్మను అడిగితే పడిపడి నవ్వింది. ఆ చేతిరాత ఇప్పుడు ఫాంటు అయింది. మొన్న వచ్చిన పెళ్లిపత్రిక కూడా అందులోనే.

16, సోమవారం

ఖాకీ సంచులు ఈ రోజు విప్పిన. ప్రతిదాని మీద సినిమా పేరు, కింద చిన్నగా ‘వాపసు ఇయ్యాలె’. ఒక్కదాని మీద మాత్రం పేరు వేరే తీరు. ఎర్ర సిరాతో లావు అక్షరాలు, వెనుక నల్ల నీడ, చివరి ఒత్తు సాగి తోకలాగా తిరిగింది. మా బాపు రోజూ రాసే తీరు అక్షరాలు కావివి. గోడ మీది పోస్టరు చూసి, అచ్చు అట్లనే దింపిండు. మూలకు కూడా వదల్లేదు. అక్కడ పెన్సిలుతో, ఏటవాలుగా: ఈశ్వర్.