కాలికి విశ్రాంతి... కంటికి కాదు!

'నాన్నా, చూడు... కాలు తీసేశా!'

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే చౌటుప్పల్ దాటాక కొడుకు అన్న మాట అది. పక్క సీట్లో ఉన్న తండ్రి గుండె గుబేలుమంది. వంగి చూశాడు. నిజమే. కొడుకు కుడికాలు యాక్సిలరేటర్ మీద లేదు. కారు మాత్రం 90 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది.

ఆయన ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇదే రోడ్డు రెండు వరసలుగా ఉన్నప్పుడూ నడిపాడు, నాలుగు వరసలయ్యాకా నడిపాడు. ఎవరి బండి ఎక్కినా ఆయన కుడికాలు వూరుకోదు. ముందు ఏదైనా అడ్డొస్తే చాలు, లేని బ్రేకును తొక్కుతుంటుంది. ఆరోజు కూడా కాలికింద మ్యాటు నలిగిపోతూనే ఉంది.

'దీన్ని క్రూజ్ కంట్రోల్ అంటారు తాతయ్యా' వెనక నుంచి మనవరాలు వివరించింది.

'నాకు తెలిసింది స్పీడ్ లాక్ ఒక్కటే తల్లీ. ఎంత తొక్కినా బస్సు 80 దాటేది కాదు' అన్నాడాయన.

'అదీ ఉంది ఇందులో. రెండూ వేరు నాన్నా' అన్నాడు కొడుకు. సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగినప్పుడు విడమరచి చెప్పాడు.

పైకప్పు ఒకటి... పట్టు ఒకటి

స్పీడ్ లిమిటర్ అంటే వేగానికి పైకప్పు లాంటిది. స్టీరింగ్ మీదున్న మీటతో 80 అని పెట్టుకుంటే, యాక్సిలరేటర్ తొక్కాల్సింది మనమే. కానీ ఎంత తొక్కినా 80 దగ్గర ఇంజిన్ శక్తి ఆగిపోతుంది. ఏదైనా ఆపద తప్పించుకోవడానికి వేగం పెంచాల్సి వస్తే పెడల్‌ను పూర్తిగా అదిమితే చాలు, చాలా కార్లలో ఆ హద్దు తాత్కాలికంగా తొలగుతుంది.

క్రూజ్ కంట్రోల్ అలా కాదు. అది వేగాన్ని పట్టి ఉంచుతుంది. 90 అని పెట్టి కాలు తీసేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి ఎక్కువ శక్తినీ, పల్లంలో తక్కువనూ అదే ఇచ్చుకుంటుంది. బ్రేకు మీద కాలు పడగానే పక్కకు తప్పుకుంటుంది. ముందు ఎవరున్నారో మాత్రం దానికి తెలియదు.

ఆ లోటు తీర్చడానికి వచ్చిందే అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్. కారు ముందు భాగంలో ఒక రాడార్ ఉంటుంది. చాలా కార్లలో అద్దం పైభాగాన ఒక కెమెరా కూడా ఉంటుంది. రాడార్ పంపిన తరంగాలు ముందున్న బండిని తాకి తిరిగొస్తాయి. ఆ బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో పోతోంది అన్నది లెక్క తేలుతుంది. లారీ 60తో పోతుంటే మన కారూ 60కి తగ్గుతుంది. లారీ పక్కకు తప్పుకోగానే మళ్లీ 90 అందుకుంటుంది. ఎంత ఎడం ఉండాలో కూడా మనమే ఎంచుకోవచ్చు. 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. రెండు సెకన్ల ఎడం పెట్టుకుంటే 50 మీటర్లన్నమాట.

చూపులేని ఇంజినీరు చలవ

విచిత్రమేమిటంటే, క్రూజ్ కంట్రోల్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజినీరుకు చూపు లేదు. ఐదేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో కళ్లు పోయాయి. ఓసారి తన లాయరు నడుపుతున్న కారులో ప్రయాణిస్తుండగా ఆయన ఓ సంగతి గమనించాడట. లాయరు మాట్లాడేటప్పుడు కారు నెమ్మదిస్తోంది, వినేటప్పుడు పరుగెడుతోంది! ఆ కుదుపులు భరించలేక, వేగాన్ని నిలకడగా ఉంచే పరికరం కోసం ఏళ్లతరబడి శ్రమించాడు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రిస్లర్ ఇంపీరియల్ కారులో అది కొనేవాళ్లకు అందింది. దానికి రాడార్ తోడై 1999లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. మన దేశంలో తయారయ్యే కుటుంబ కార్లలో కనిపించడం మొదలైంది మాత్రం 2020 తరవాతే.

ఆ ఒక్క క్షణం...

సూర్యాపేట దాటేసరికి పొద్దు వాలింది. కారు మళ్లీ క్రూజ్ కంట్రోల్‌లో పోతోంది. ముందు ఓ కారు 75తో వెళ్తుంటే దాని వెనకే బుద్ధిగా సాగుతోంది. కొడుకు మనవరాలితో కబుర్లు చెబుతున్నాడు. ఉన్నట్టుండి ముందున్న కారు కుడి వరసలోకి తప్పుకుంది. దారి ఖాళీ అయిందనుకుని వీళ్ల కారు వేగం అందుకోబోయింది.

'లారీ... ఆగుంది... బ్రేకెయ్‌రా!'

ఎడమ వరసలో ఓ లారీ ఆగి ఉంది. వెనక దీపం లేదు, రేడియం స్టిక్కర్ లేదు. కనీసం చెట్టుకొమ్మయినా అడ్డం పెట్టలేదు. కొడుకు బలంగా బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. లారీకి నాలుగైదు గజాల దూరంలో కారు ఆగింది. వెనక సీట్లో తల్లి 'ఏమండీ' అని మాత్రమే అనగలిగింది. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు.

ఆ రాత్రి విజయవాడలో ఇంటికి చేరాక, కొన్న రోజు నుంచీ డ్యాష్‌బోర్డు అరలోనే పడి ఉన్న పుస్తకాన్ని కొడుకు మొదటిసారి తెరిచాడు. తండ్రి పక్కనే కూర్చున్నాడు. కొడుకు చదివి తెలుగులో చెబుతుంటే వింటూ పోయాడు. ఆగి ఉన్న వాహనాలను ఇది గుర్తించకపోవచ్చు. రోడ్డు మలుపుల్లో ముందున్న బండి కనిపించకుండా పోవచ్చు. బైకుల్లాంటి చిన్న వాహనాలనూ, మధ్యలోకి హఠాత్తుగా దూరేవాటినీ ఆలస్యంగా పసిగట్టవచ్చు. భారీ వర్షంలో, తడిసి జారే రోడ్డు మీద వాడొద్దు. పాదచారుల కోసం ఆగుతుందని నమ్మొద్దు.

ఆగి ఉన్నదాన్ని పట్టుకోలేకపోవడానికి కారణం లేకపోలేదు. రోడ్డు పక్క బోర్డులూ, వంతెనలూ, డివైడర్ మీది రెయిలింగూ అన్నీ రాడార్‌కు కదలని వస్తువులే. కనిపించిన ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు ముందుకే పోలేదు. అందుకే ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు చాలా వ్యవస్థలు కదిలేవాటికే ఎక్కువ విలువిస్తాయి. అత్యవసర బ్రేకు ఏర్పాటు వేరే ఉన్నా, అది ప్రతిసారీ ఆదుకుంటుందన్న హామీ లేదు. పైగా పశువులు, ఎదురు దిశలో వచ్చే బైకులు, దీపాల్లేని ట్రాక్టర్లు మన రోడ్లకు కొత్త కాదు.

'ఇవన్నీ రాసే ఉన్నాయి నాన్నా. నేనే చదవలేదు' అన్నాడు కొడుకు తలవంచుకుని.

'అది చెడ్డదేం కాదురా. దాని పని అది చేసింది. నీ పని కూడా దానికే అప్పగించావు' అన్నాడు తండ్రి.

హద్దు ఎందుకంటే...

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలితీసుకున్నాయి. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం అందులో 70 శాతానికి పైగా మరణాలకు మితిమీరిన వేగమే కారణం. వేగం రెట్టింపయితే ఢీకొన్నప్పటి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. వేగానికి ముకుతాడు వెయ్యాలన్నది అందుకే. బస్సులూ లారీల్లాంటి రవాణా వాహనాలు 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలని కేంద్రం 2015లో నిబంధన తెచ్చింది. స్కూలు బస్సులూ, ట్యాంకర్లకైతే 60 మాత్రమే. 2019 జులై నుంచి తయారైన కార్లన్నీ 80 దాటితే అడపాదడపా, 120 దాటితే ఆగకుండా బీప్‌మంటాయి. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఆ రోడ్డుకున్న వేగ పరిమితిని గుర్తించి డ్రైవర్‌ని హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. అక్కడ కూడా చివరి మాట డ్రైవర్‌దే.

రెండ్రోజుల తరవాత తిరుగు ప్రయాణం. కోదాడ దాటాక తండ్రి 'ఇలా ఇవ్వరా' అని స్టీరింగ్ అందుకున్నాడు. ఆ లారీ ఆగిన చోటు దగ్గర పడుతుంటే 'తాతయ్యా, క్రూజ్ పెట్టనా?' అడిగింది మనవరాలు.

'వద్దు తల్లీ. ఆ స్పీడ్ లాక్ పెట్టు... 80కి.'

కొడుకు నవ్వి మీట నొక్కాడు. తన ఫోన్ మాత్రం తీసి తల్లికిచ్చాడు. పక్క సీట్లో కూర్చుని రోడ్డు వంకే చూస్తున్నాడు. కాసేపటికి ముందు ఓ ట్రాక్టర్ కనిపించింది. కొడుకు కుడికాలు తనకు తెలియకుండానే మ్యాటుని తొక్కింది.

తండ్రి ఓరకంట చూశాడు కానీ ఏమీ అనలేదు. అప్పటికే ఆయన కాలు బ్రేకు మీద ఉంది.