గీతలు వదిలెయ్, బీట పట్టుకో

పాత ఎలక్ట్రిక్ గిటారు బేరానికి వచ్చిందంటే కొనేవాడి చూపు ముందు బాడీ మీదికే పోతుంది. రంగు ఒరిజినలేనా, పికప్‌లు మార్చారా, నాబ్‌లు అవేనా అని ఆరాలు తీస్తాడు. అసలు పరీక్ష చేయాల్సింది నెక్‌ని. మామూలు 10 నంబరు తీగల సెట్టు శ్రుతి చేసి బిగిస్తే ఆ సన్నని కర్ర మీద పడే లాగుడు ఇంచుమించు 45 కిలోలు. వాయించినా వాయించకపోయినా, రాత్రీ పగలూ, 60 ఏళ్ల పాటు. వంగకుండా ఎలా ఉంటుంది?

అందుకే నెక్ లోపల ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది, ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకి 1923లో దాని మీద పేటెంట్ వచ్చింది. తమాషా ఏమిటంటే, మెడను కాపాడాల్సిన ఆ కడ్డీయే గిబ్సన్ గిటార్లకు గండమైంది. దాని మర తిప్పడానికి సరిగ్గా నెక్ సన్నబడే చోటే, తీగలు చుట్టే తల భాగం అంటే హెడ్‌స్టాక్ మొదట్లో, గుంత తవ్వారు. దానికి తోడు 1950లలో గిబ్సన్ చేసిన లెస్ పాల్ మోడల్ హెడ్‌స్టాక్ 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. మహాగని నార ఆ వంపులో తెగిపోయి బలం చాలదు. స్టాండు మీంచి ఒక్కసారి వెనక్కి పడితే చాలు. 1960ల నడుమ వాలును 14 డిగ్రీలకు తగ్గించారు, ఆ తర్వాత మెడ వెనక బొడిపె కూడా పెట్టారు. బుద్ధిగా చేసిన దిద్దుబాటే. కానీ పాత గిటార్లు సేకరించేవాళ్లలో చాలామందికి ఆ బొడిపె గిట్టదు. విరిగే మెడే ముద్దు వాళ్లకి!

ఫెండర్ గిటార్ల సృష్టికర్త లియో ఫెండర్ దారి వేరు. రేడియోలు రిపేరు చేసుకుంటూ వచ్చినవాడు. హెడ్‌స్టాక్‌ను వాల్చకుండా, గట్టి మేపుల్‌తో నెక్ చేసి, నాలుగు మరలతో బాడీకి బిగించాడు. పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకో, అంతే. గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ వాయించిన ‘బ్లాకీ’ అలా మూడు పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ల భాగాలతో తయారైందే. 2004 వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. అదే ఊరూపేరూ లేనివాడిదైతే అతుకుల బొంత అని పక్కన పడేసేవారు.

వంగిన మెడ సంగతి తేలికే. మొదటి ఫ్రెట్‌నీ, బాడీ దగ్గరి ఫ్రెట్‌నీ నొక్కిపట్టి చూస్తే ఏడో ఫ్రెట్ మీద తీగ కింద పావు మిల్లీమీటరు సందు ఉండాలి. ఎక్కువైతే ట్రస్ రాడ్ మరను కొద్దికొద్దిగా బిగించాలి. తుప్పుపట్టి బిగుసుకున్న మర మీద బలం చూపించకూడదు.

హెడ్‌స్టాక్ మొదట్లో పడిన బీట అలా కాదు. తీగలు తీసేసి హెడ్‌స్టాక్‌ను సుతారంగా వెనక్కి వంచితే బీట నోరు తెరుస్తుంది. ట్రస్ రాడ్ మరకు ముందే మైనం పూసి, మామూలు చెక్క జిగురునో, తోలు కాచి తీసిన జిగురునో పల్చని బ్లేడు మొనతో సందు చివరిదాకా నెట్టాలి. అవతలి అంచున బొట్లుబొట్లుగా బయటికొస్తేనే లోపలంతా పట్టినట్టు. తడిగుడ్డతో తుడిచి, మెడ వంపుకు తగ్గట్టు చెక్కిన దిమ్మెలను మైనం కాగితం అడ్డుపెట్టి ఆనించి, క్లాంపులు బిగించి, ఒక రోజంతా ముట్టుకోకూడదు. నార వెంట పొడుగ్గా చీలినదైతే అతుకు పక్క చెక్కకు ఏమాత్రం తీసిపోదు. అడ్డంగా పుటుక్కుమన్నదైతే జిగురొక్కటే చాలదు, గాడి తీసి కొత్త చెక్క బద్దలు దించాలి. ఎపాక్సీ జోలికి వెళ్లకండి. రేపు మళ్లీ ఊడితే, దాన్ని పూర్తిగా గీకితే గానీ కొత్త జిగురు పట్టదు.

ఇక్కడితో ఆగితే బాగుండు. ఆగరు. అందం పిచ్చి మొదలవుతుంది. చిన్న సొట్ట పడి, లక్క కోటింగ్ లేచిపోయిన చోటైతే తడిగుడ్డ వేసి సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి పైకొస్తుంది, సరే. కోటింగ్ ఉన్నచోట అదే పని చేస్తే తెల్లగా పాలిపోతుంది. పాత నైట్రో లక్కలో ఒక సుగుణం ఉంది. కొత్త పూత పాతదాన్ని కరిగించుకుని అందులో కలిసిపోతుంది. పెచ్చు లేచిన చోట చుక్క చుక్కగా నింపి, వారాల తరబడి ఆరనిచ్చి, నున్నగా రుద్దితే కంటికి ఆనదు. బ్లాక్ లైట్ (అతినీలలోహిత దీపం) కింద పెడితే మాత్రం వయసు మీరిన లక్క పచ్చగా మెరుస్తుంది, కొత్త పూత నల్లగా తేలిపోతుంది. దాచి అమ్ముదామనుకునేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

బొటనవేలు అరగదీసిన చోటునీ, సిగరెట్ మచ్చనీ ఇసుక కాగితంతో పాలిష్ పట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1950ల ఫెండర్ నెక్ విప్పితే చాలావాటిలో మడమ మీద, అంటే బాడీలో కూర్చునే చివర, తయారైన తేదీ పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఉత్సాహం ఎక్కువైతే అదీ పోతుంది.

అతుకు పడిన మెడ ఉందంటే పాత గిటారు ధర సగానికి దిగుతుంది. బీరువాలో పెట్టుకోవడానికి కాక వాయించుకోవడానికైతే, అతుకు గట్టిదో కాదో చూసుకుని నిక్షేపంగా కొనండి. మెడ కొత్తగా నిగనిగలాడుతుంటే మాత్రం ఎందుకలా ఉందో అడిగాకే డబ్బు తియ్యండి.