చామనఛాయ

సంబంధాలవాళ్ళకి పంపడానికి మా అమ్మాయి ఫొటో నేనే తీశాను. వెనక కిటికీ వెలుగు, మొహమంతా నీడ! రా ఫైలు కదా, పర్లేదనుకుని డార్క్‌టేబుల్‌లో తెరిచాను. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే; మా కెమెరా 14 బిట్ల రా ఫైల్లో 16,384. నీడలో దాగింది చాలావరకు బయటికి తీయొచ్చు.

టోన్ కర్వ్ అంటే మూలనుంచి మూలకి ఓ గీత. ఎడమ కింద నీడలు, కుడి పైన వెలుగులు. అలవాటుగా ఎస్ ఆకారంలో వంచాను. కాంట్రాస్ట్ పెరిగి చీర మెరిసింది గానీ, కళ్ళ దగ్గర ఇంకా నల్లబడింది. అది తీసేసి, ఎడమవైపు మాత్రం కాస్త ఎత్తి, మిగతా గీత కదలకుండా చుక్కలు పెట్టాను. పిల్ల కళ్ళు నవ్వాయి.

"మధ్యలో కూడా లేపమ్మా, తెల్లగా వస్తుంది" అన్నారు అత్తయ్య, వెనకనుంచి.

నిజమే, వస్తుంది. నా పెళ్ళిచూపుల ఫొటోకీ స్టూడియోవాళ్ళు అలాగే తెలుపు దిద్దారు. తీరా నన్ను చూశాక, "ఫొటోలో ఇంకా రంగుందే" అన్నది ఎవరనుకున్నారు?

"మీరే కదా అత్తయ్యా" అన్నాను మెల్లగా.

ఆవిడ కాసేపు స్క్రీన్ కేసి చూశారు. "కళ్ళు అచ్చం నీవే. అలాగే పంపించు" అన్నారు.

అలాగే పంపించాను.